లివర్ గారి మొహమాటం

కార్తీక శుద్ధ ద్వాదశి

పొద్దున్న పోటు వేళకి మోకులన్నీ చూశాను. ఉత్తరపు వరసలో రెండు సాగితే బిగించాను. బడి పంటుకీ గుడి పంటుకీ మధ్య మోకు మీద మళ్ళీ ఎవరో లంగాలు ఆరేశారు. తేలే బల్లకట్ల మీద కట్టుకున్న మా పంటులూరు సముద్రం మీద నిలబడిందే ఈ మోకుల మీద. ఒకటి తెగిందంటే ఓ వీధి వీధంతా అండమాన్ వెళ్ళిపోతుంది. ఆ మాట చెబితే "అయ్యో, అలాగేనండీ, తప్పకుండానండీ" అంటారు. లంగాలు మాత్రం తియ్యరు.

మోకుల కాపలాదారు రాసే ఈ దినచర్యలో మోకుల సంగతి తప్ప మరోటి రాయకూడదని ఊరి కమిటీ వారి ఆజ్ఞ. చదివే నాథుడు లేడు గనక రాస్తాను.

ఇవాళ వనభోజనం. ఊరంతటికీ ఉన్నది ఒక్క ఉసిరి మొక్క, అదీ కుండీలో. దాని నీడ ఒక తలకాయకి సరిపోతుంది. అందుకని వరసలో నిలబడి, ఒక్కొక్కరం దాని కింద కూర్చుని ఒక్కో ముద్ద తిని లేచాం. ముద్ద పెట్టింది గుడి వంటాయన. మధ్యమధ్యలో పొట్ట పట్టుకుని పక్కకి పరిగెత్తి, మళ్ళీ వచ్చి పెడుతున్నాడు. "ఏమయ్యా, ఒంట్లో బాగాలేదా?" అని అడిగాను.

"అబ్బే, నాకేం పర్లేదండీ" అన్నాడు చెమటలు కక్కుతూ.

ఈ ఊళ్ళో ఎవడికీ ఏదీ ఇబ్బంది కాదు. మాది పల్నాడు వైపు. ఆకలైతే ఆకలంటాం, కోపమొస్తే కర్ర తీస్తాం. కోనసీమ మునిగి ఈ జనమంతా పంటులెక్కినప్పుడు, అప్పుడే మంగతాయారుని చేసుకున్న పాపానికి నేనూ ఎక్కాను. మా ఆవిడ ఉగ్గుపాలతోనే "పర్లేదండీ" తాగింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. వీళ్ళైతే మనమే అడిగి పెట్టినా "వద్దండీ" అంటారు.

త్రయోదశి

మోకులు చూడలేదు. చూసే వీలు లేదు. ఊరంతా వాంతులు, విరోచనాలు.

అంతకంటే ఘోరం పలుకుపెట్టెల గోల. నడుముకి కట్టుకున్న పెట్టెలోంచి లోపలి అవయవాలు మాట్లాడతాయి గదా, ఇవాళ ఊళ్ళో పొట్టలన్నీ ఒక్కసారి నోరు విప్పాయి. పొట్టకి పెట్టిన గొంతు చేపల వేలంపాట పాడే మనిషిది. "వస్తోంది, వస్తోంది, జరగండెహె!" అని ప్రతి ఇంట్లోంచీ అరుపే. మర్యాదస్తుల నడుముల్లోంచి ఆ బూతులు వింటుంటే నాకు మాత్రం ఎన్నేళ్ళకో సొంతూరు వెళ్ళినట్టుంది.

దొడ్డి పంటు దగ్గర వరస. తలుపు ఖాళీ అయింది. ముందున్నాయన వెనకాయనతో "మీరు కానివ్వండి" అన్నాడు. "అబ్బే, మీరు ముందొచ్చారు." "పెద్దవారు, మీరు వెళ్ళండి." "ఎంత మాట, మీరే." ఇద్దరూ అక్కడే కానిచ్చేశారు. ఆ పంటు కడిగింది నేను.

మధ్యాహ్నానికి తాయారుకీ పట్టుకుంది. వాంతి చేసుకుంటూనే, తన పొట్ట తిట్టిన తిట్లకి ఎదురింటి సూరమ్మ మామ్మకి క్షమాపణ చెప్పింది. మామ్మ నవ్వి వెళ్ళిపోయింది. ఊళ్ళో పెట్టె కట్టుకోని మనిషి మామ్మ ఒక్కతే. లివర్‌కి పెట్టిన గొంతు వాళ్ళాయన పేర్రాజు తాతగారిది. పెట్టెలు చేసిన కంపెనీ వాళ్ళు ఊళ్ళోకెల్లా మర్యాదస్తుడి గొంతూ, మాటతీరూ కావాలని వచ్చి, ఆయన్ని వారం రోజులు కూర్చోబెట్టి మాట్లాడించి పట్టుకెళ్ళారు. తర్వాత ఏడాదికి ఆయన పోయారు. పోయిన మొగుడు ఊరందరి నడుముల్లోంచీ పలుకుతుంటే మామ్మ ఎలా బతుకుతోందో నాకు తెలీదు. నేనెప్పుడూ అడగలేదు.

చతుర్దశి

డాక్టర్ జరీనా గారు పడవేసుకుని ఇంటింటికీ తిరిగారు. పెట్టెలొచ్చాక రక్తం తీసి చూడ్డం మానేశారు. ఎవరికేం బాధో వాళ్ళనే అడగొచ్చు గదా. తాయారు నడుము దగ్గర వంగి ఒక్కొక్కళ్ళనీ పలకరించారు. పొట్ట డాక్టర్ గారి వంశాన్నంతా ఎత్తి తిట్టింది. కిడ్నీలిద్దరూ ఒక్క గొంతుతో "నీళ్ళు, నీళ్ళు" అన్నారు.

"లివర్ గారూ, మీకెలా ఉంది?"

"నాకేమ్మా, దివ్యంగా ఉన్నాను" అంది లివర్, పేర్రాజు తాతగారి మెత్తటి గొంతుతో. "ముందు పాపం ఆ పొట్ట సంగతి చూడండి."

డాక్టర్ గారు "లివర్ భేష్" అని రాసుకున్నారు. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు గుక్క గుక్కగా పట్టమన్నారు. "జ్వరం ఎక్కువైతే మాత్ర ఒకటి. పూటకి ఒకటే సుమా" అని పొరుగింటికి వెళ్ళారు.

నేను చారు పెట్టాను. తాయారు ఒక గుక్క తాగి "బావుందండీ" అని కక్కేసింది.

ఇక పరామర్శలు. ఈ ఊళ్ళో రోగి ఇంటికి ఉత్త చేతులతో వెళ్ళడం అప్రతిష్ఠ. పూర్వం బత్తాయిలు తెచ్చేవాళ్ళట. ఇప్పుడు బత్తాయి లేదు గనక, ప్రతివాళ్ళూ జ్వరం మాత్ర పట్టుకొచ్చారు. "మా చేత్తో ఒక్కటి వేసుకోమ్మా" అన్నారు. తాయారు కాదంటుందా? వేసుకుంది. బడి మేష్టారి భార్య వచ్చింది, ఆవిడ పేరున ఒకటి. వంటాయన వాళ్ళ అక్కగారు వచ్చారు, ఆవిడ మనసు నొప్పించకుండా మరొకటి. ఒకటి కక్కితే వచ్చినవాళ్ళే కంగారుపడి ఇంకోటి ఇచ్చారు. నేను మోకుల దగ్గర్నుంచి వచ్చేసరికి మంచం పక్కన ఖాళీ రేకులు గుత్తులుగా ఉన్నాయి.

"ఇన్నెందుకు మింగావే?"

"పాపం అంత ప్రేమగా తెచ్చారండీ. పారేస్తే ఏమనుకుంటారు?"

పొద్దుట్నుంచీ ఆ ఒంట్లోకి వెళ్ళింది మాత్రలూ మర్యాదా తప్ప మెతుకు లేదు. తిట్టాను. నవ్వి పడుకుంది.

పౌర్ణమి

పొట్ట అరవడం ఆపింది. హమ్మయ్య అనుకుని పొద్దున్నే మోకులన్నీ బిగించి, మళ్ళీ చారు పెట్టి తీసుకెళ్ళాను.

తాయారు కళ్ళు సగం తెరిచి ఒక గుక్క తాగింది. గ్లాసు తోసేసింది.

"బాలేదు" అంది.

నా చెవుల్ని నేను నమ్మలేదు. పదకొండేళ్ళ కాపరంలో ఆ మాట ఆ నోట వినలేదు. "ఏంటీ?" అన్నాను.

"చారు బాలేదు. నీ మొహం కూడా బాలేదు."

నువ్వంది! నన్ను నువ్వంది! నాకు పండగే అయింది. ఇన్నాళ్ళకి నా పెళ్ళాం పల్నాటి కోడలైంది అనుకున్నాను. పొరుగింటి వాళ్ళని పిలిచి చూపిద్దామని కిటికీ తలుపు కూడా తీశాను. వెలుతురు ఆమె మొహం మీద పడింది.

కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి. ఒంటేలు చెంబులో కాఫీ రంగులో ఉంది. కుడి పక్క డొక్క కింద చెయ్యి వేస్తే ములిగింది. "ఊపు ఆపు. ఈ ఊపు ఆపవయ్యా" అని నన్నే ఎవరో అనుకుని బతిమాలుతోంది. నా సంతోషం అక్కడే చచ్చింది.

పెట్టె దగ్గర వంగాను. "లివర్ గారూ, ఏమైంది?"

"ఏం లేదు నాయనా. కాస్త అలసట. మీరు భోంచేశారా?"

డాక్టర్ గారింటికి పరిగెత్తాను. కళ్ళ రంగు చెప్పకముందే, తాయారు చారు బాలేదందని చెప్పాను.

డాక్టర్ గారు చేతిలో ఇడ్లీ పళ్ళెం కింద పెట్టేశారు. "మంగతాయారు బాలేదందా? మన మంగతాయారా? అయితే ప్రాణం మీదకొచ్చింది. పదండి."

పౌర్ణమి, మధ్యాహ్నం

తాయారుని ఆస్పత్రి పంటు మీదకి చేర్చాం. మోసుకొస్తుంటే దారిలో ముగ్గురిని తిట్టింది. వాళ్ళు ఏడ్చారు, తిట్టినందుకు కాదు.

డాక్టర్ గారు నాకు విషయం చెప్పారు. ఇలాంటి పొట్టజబ్బులో లివర్ కాస్త కందడం మామూలేనట, వారం తిరిగేసరికి దానంతటదే సర్దుకుంటుందట. "కానీ తిండి లేదు, ఒంట్లో నీళ్ళు లేవు, పైన ఊరందరి మాత్రలు. ఆ మాత్రలు అరిగించాల్సింది లివరే బాబూ. అది చేతులెత్తేస్తే విషం తలకెక్కుతుంది. ఆవిడ మాటల్లో తేడా అందుకే."

"మందు లేదా?"

"ఉంది. మాత్రలకి విరుగుడు ఉంది. అదిగో అల్మారాలో."

అల్మారాకీ పలుకుపెట్టె ఉంది. ఏ అవయవానికి మందో, ఆ అవయవం తన నోటితో బాధ ఒప్పుకుంటేనే తలుపు తెరుస్తుంది. కమిటీ వారి నిబంధన. మందు వృథా కాకూడదని.

డాక్టర్ గారు అడిగారు. "లివర్ గారూ, మీకు బాధగా ఉందా?"

"అబ్బే. మీరు ఊరికే శ్రమపడుతున్నారు."

"లివర్ వారికి బాధ లేదట. క్షమించాలి" అంది అల్మారా.

గడ్డపార తెచ్చాను. డాక్టర్ గారు నా రెక్క పట్టుకుని ఆపారు. బలవంతం చేస్తే మందు లోపలే ఒలకబోసుకుంటుందట. నేను పెట్టె మీదకి వంగి, "చెప్తావా, పగలగొట్టమంటావా?" అని నోటికొచ్చినట్టు అరిచాను. ఎన్నిసార్లు అరిచానో గుర్తు లేదు. అరిచినకొద్దీ దాని గొంతు ఇంకా మెత్తబడింది. "తమరు పెద్దవారు. నా వల్ల తమకి కోపం తెప్పించాను. నాకేం పర్లేదు."

తాయారు తిట్టడం మానేసింది. పిలిస్తే పలకడం కూడా మానేసింది. నేను ఆ గడ్డపార పక్కనే కూలబడ్డాను. భయమేసింది, ఏడ్చాను. రాసుకోడానికి నాకేం సిగ్గు లేదు.

అప్పుడు గుమ్మంలో సూరమ్మ మామ్మ కనబడింది. నా అరుపులు ఊరవతలికి వినబడ్డాయట.

"అలా అరిస్తే ఆయన ఇంకా ముడుచుకుపోతారు నాయనా" అంది. "జరుగు."

మంచం పక్కన పీట వేసుకుంది. కొంగు సర్దుకుంది. చాలాసేపు పెట్టెని చూసింది. తర్వాత, భర్తకి మంచినీళ్ళిస్తూ అడిగినట్టు అడిగింది.

"ఏవండీ, ఒంట్లో ఎలా ఉంది?"

"దివ్యంగా ఉందమ్మా."

డాక్టర్ గారు నా వంక చూశారు. మామ్మ చెయ్యెత్తి ఉండమంది.

"మొహం చూస్తే అలా లేదండీ. పొద్దుట్నుంచీ ఏం తినలేదు. నిజం చెప్పండి, ఏమైనా ఇబ్బందిగా ఉందా?"

"ఎందుకమ్మా మీకు శ్రమ. మిగతావాళ్ళని చూసుకోండి. నాదేముంది."

ఊళ్ళో ఏ యంత్రాన్నీ ఎవరూ రెండోసారి ఇలా అడిగి ఉండరు. మామ్మ అక్కడితో ఆగలేదు. పీట ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది. తాయారు నడుము మీద, ఆ పెట్టె మీద అరచెయ్యి ఆనించింది.

"నా మీద ఒట్టండీ. దాచకండి. మీకెలా ఉంది?"

 పెట్టెలోంచి పేర్రాజు తాతగారి గొంతు గుసగుసగా వచ్చింది.

"ఇంతగా అడుగుతున్నారు గనక చెబుతున్నాను. మీరేం అనుకోకపోతే... కొంచెం చచ్చిపోయేలా ఉన్నానమ్మా."

అల్మారా తలుపు తెరుచుకుంది.

డాక్టర్ గారు సూది గుచ్చి, సీసా వేలాడదీసేదాకా మామ్మ చెయ్యి తియ్యలేదు. "ఆయన బతికున్నన్నాళ్ళూ ఇంతే" అంది. "అన్నం ఇంకాస్త వెయ్యనా అంటే మూడోసారికి గానీ ఊ అనేవారు కాదు. మనిషినైతే బతిమాలతాం. యంత్రమని ఒకసారి అడిగి వదిలేశారు మీరు."

నేను గడ్డపార తీసి గుమ్మం బయట పెట్టాను.

"ఆయన పోయిన రోజున, గుండెలో నొప్పిగా ఉందా అని అడిగాను" అంది మామ్మ, మొహం పక్కకి తిప్పుకుని. "రెండుసార్లు అడిగాను. పొయ్యి మీద పాలు పొంగితే లేచి వెళ్ళాను."

బహుళ విదియ

మోకులు చూశాను. బాగానే ఉన్నాయి. రెండు రోజులుగా సీసా ఎక్కుతూనే ఉంది. తాయారు పిలిస్తే పలుకుతోంది.

ఊరంతా ఇంకో గోల. డాక్టర్ గారు అందరి లివర్లనీ మూడేసి సార్లు అడగమని చాటింపు వేయించారు. ఏ పంటు మీద చూసినా జనం తమ నడుముల మీదకి తామే వంగి "నా మీద ఒట్టండీ" అంటున్నారు. చాలామంది లివర్లు మూడోసారికి "కొంచెం నలత, నాలుగు రోజుల్లో సర్దుకుంటాను" అన్నాయట. డాక్టర్ గారు అదే నిజమన్నారు. నీళ్ళు తాగమని, తిండి తినమని, పరామర్శకి మాత్రలు తీసుకెళ్ళొద్దని చెప్పారు. జనానికి పెద్ద చిక్కొచ్చింది. ఉత్త చేతులతో ఎలా వెళ్ళడం? ఆఖరికి ఉప్పూ పంచదారా నీళ్ళు చెంబులతో పట్టుకెళ్తున్నారు.

నా లివర్‌నీ అడిగాను. నాకు బతిమాలడం రాదు, అయినా మామ్మలాగే ప్రయత్నించాను. మూడోసారికి, "నాకు బాగానే ఉంది గానీ, మీ నోరంటే భయం బాబూ" అంది.

బహుళ సప్తమి

తాయారు ఇంటికొచ్చింది. కళ్ళు తెల్లబడ్డాయి. వచ్చీ రాగానే మోసుకొచ్చినవాళ్ళకి కాళ్ళు నొప్పెట్టి ఉంటాయని బాధపడింది. నన్ను మళ్ళీ మీరంది. ఎంత సంతోషించానో నాకే తెలుసు.

సాయంత్రం వాకిట్లో కూర్చోబెట్టి చారు ఇచ్చాను. మాది ఊరికి చిట్టచివరి పంటు. ఊరిని పట్టి ఉంచే పెద్ద మోకులకి దగ్గరని పెళ్ళైన కొత్తలోనే ఇక్కడ కట్టుకున్నాను. అల వస్తే ముందు తగిలేది మాకే. గ్లాసులో చారు అంచు నుంచి అంచుకి పోతోంది.

"ఎలా ఉంది?"

"బావుందండీ."

ఎప్పుడూ ఇక్కడితో లేచి నా పని మీద పోతాను. ఇవాళ లేవలేదు.

"నిజంగానా?"

"అయ్యో, నిజంగానేనండీ. మీరు తాగారా?"

పీట దగ్గరికి జరుపుకున్నాను. గొంతు తగ్గించడం నాకు రాదు, అయినా తగ్గించాను. "నా మీద ఒట్టు తాయారూ. నీకేదన్నా ఇబ్బందిగా ఉందా?"

ఆమె గ్లాసు కింద పెట్టింది. సముద్రం వంక చూడకుండా నా చేతుల వంక చూసింది.

"మీరేం అనుకోకపోతే..." అంది. "ఇక్కడ ఊపు ఎక్కువండీ. కాపరానికొచ్చిన రోజు నుంచీ నాకు కడుపులో తిప్పుతూనే ఉంది. రోజూ పొద్దున్నే మీరు మోకుల దగ్గరికి వెళ్ళాక కక్కుకుంటాను. మీ పనికి దగ్గర గదా అని ఊరుకున్నాను."

పదకొండేళ్ళు. రోజూ ఊరి మోకులన్నీ తడిమి చూశాను. ఎక్కడ పీచు లేచినా నా వేలికి తెలుస్తుంది.

"చారు మాటేమిటి?" అన్నాను.

"అది కూడా బాలేదండీ" అంది. అని నవ్వింది.

బహుళ అష్టమి

కమిటీ వారికి తెలియజేయడమేమనగా, వారి అనుమతి లేకుండా ఇవాళ పొద్దున్న చివరి పంటు మోకులు నేనే విప్పాను. గుడి వెనకాల, నాలుగు పక్కలా పంటులున్న చోట, అల తగలని చోట, మా ఇంటిని తెచ్చి కట్టాను. ఆ చోటు గుడి వంటాయనది. ఊరి చివరికి వెళ్తావా అని మూడుసార్లు అడిగాను. మూడోసారికి, గంటల మోతకి పదేళ్ళుగా నిద్ర లేదనీ, ఎటైనా పంపమనీ కాళ్ళ మీద పడ్డంత పని చేశాడు. వీధి వీధంతా వచ్చి లాగింది. లాగినవాళ్ళలో ఎవరికైనా నడుము పట్టిందా అని ఒక్కొక్కరినీ మూడేసి సార్లు అడిగేసరికి భోజనాల వేళ దాటిపోయింది.

ఇక నుంచి మోకుల దగ్గరికి నాకు చాలా దూరం. నడుస్తాను.

పంటు నిలిచాక గ్లాసు నిండా నీళ్ళు పోసి గుమ్మంలో పెట్టాను. చుక్క తొణకలేదు.

"ఇప్పుడెలా ఉంది తాయారూ?"

"బావుందండీ" అంది.

ఇంకా రెండుసార్లు అడగాలి.